లోపల మిగిలే గాలి

ఊపిరి కొలిచే మిషను వస్తోందని తెలిసిన రోజు శ్రీరాములు షెడ్డులోని ఆడవాళ్ళంతా నవ్వారు. పాలు కొలుస్తారు, కిరసనాయిలు కొలుస్తారు, పట్టుగూళ్ళు తూకం వేస్తారు. ఊపిరిని కొలిచి ఏం చేసుకుంటారు?

"సంతలో అమ్ముతారేమో మే. మునిలక్ష్మిది మంచి ధర పలకతాది. మాట్లాడేదే తక్కువ గదా, అంతా లోపలే ఉంటాది," అంది కుప్పమ్మ.

మునిలక్ష్మి నవ్వింది గానీ తల ఎత్తలేదు. ఎత్తితే దారం తెగుతుంది. ఆమె ముందు బేసిన్‌లో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. వాటిలో ఉడికిన పట్టుగూళ్ళు తేలుతున్నాయి. చిన్న కుంచెతో వాటి మీద తట్టి, కొసలు దొరకబుచ్చుకుని, కొన్ని పోగుల్ని కలిపి సన్నటి రంధ్రంలోంచి పైన తిరిగే రాట్నానికి అందిస్తుంది. ఒక గూడు అయిపోవస్తే దారం సన్నబడుతుంది. ఆ సంగతి కంటికి కనబడే లోపే వేలికి తెలియాలి, వెంటనే ఇంకో గూటి కొస తగిలించాలి. మునిలక్ష్మి వేలికి తెలుస్తుంది. ఆమె తీసిన దారం మీద పేచీ పెట్టిన వ్యాపారి ఇంతవరకు లేడు. ఆ మాట ఎవరైనా అన్నారంటే ఆ రోజంతా ఆమెకు అన్నం ఎక్కువ సయిస్తుంది.

కుప్పం నుంచి గుడుపల్లెకు పోయే దారిలో ఉంది ఆ రేకుల షెడ్డు. ముందు భాగంలో బేసిన్లు, వెనక గోడవతల గూళ్ళు ఉడకబెట్టే పొయ్యి. పొయ్యి దగ్గర గంగులయ్య కూర్చుని చింతమొద్దులు తోస్తుంటాడు. పొయ్యి పొగ, నీళ్ళ ఆవిరి, ఉడికిన పురుగుల వాసన, మూడూ కలిసి ఆడవాళ్ళ చీరల్లో ఇంకిపోతాయి. బస్సెక్కితే పక్కనున్నవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. ఆ షెడ్డుకు పక్కగా, మధ్యలో తలుపుతో, ఒక పొడిగది ఉంది. ఆరిన దారాన్ని చిన్న రాట్నాల నుంచి పెద్ద చట్రాలకు తిరిగి చుట్టే గది. ఆవిరి ఉండదు, కిటికీలోంచి గాలి వస్తుంది. అది కుప్పమ్మ రాజ్యం. పుంగనూరు నుంచి కోడలిగా వచ్చిన ఏడాదే పనిలో చేరి, బేసిన్ దగ్గర సగం వయసు కరగబెట్టి, ఆ గదిని సంపాదించుకుంది. దాని గుమ్మంలో ఇంకొకరు చెప్పులు విడిచినా ఊరుకోదు.

మిషను బెంగుళూరు నుంచి వచ్చిన సర్వేవాళ్ళ జీపులో దిగింది. పట్టు షెడ్లలో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడడానికి వచ్చారట. పెద్ద డాక్టరు అరుణ్ కుమార్. ఆయన వెంట డాక్టరు చదువుతున్న సుష్మ, మదనపల్లె పిల్ల. తెల్లని పెట్టె, దానికి చిన్న తెర, ముడతల గొట్టం, గొట్టం చివర నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ మూతి. అట్టతో చేసిన విడి మూతులు పుష్కలంగా రావాల్సింది, డబ్బా పొరపాటున ఇంకో జీపులో పోయింది. అందుకని ఉన్న ఒక్క ప్లాస్టిక్ మూతినే ప్రతిసారీ మందునీళ్ళలో ముంచి, దూదితో తుడిచి వాడారు.

మొదట గంగులయ్యను కూర్చోబెట్టారు. అతను బీడీ చెవి మీద పెట్టుకుని, గొట్టం నోట్లో దూర్చుకుని, కళ్ళు బయటికి వచ్చేట్టు ఊదాడు. రోజంతా దగ్గుతూనే ఉండే గంగులయ్యకు లెక్క బాగానే వచ్చింది. డాక్టరు భుజం తట్టాడు. గంగులయ్య ఆ భుజాన్ని ఆ రోజంతా తగ్గించలేదు.

తర్వాత ఆడవాళ్ళు. సుష్మ ఒక్కొక్కరి ముక్కుకు క్లిప్పు పెడుతోంది. "పీల్చక్కా, ఇంకా పీల్చు, నిండా పీల్చు. ఇప్పుడు ఊదు! ఊదు ఊదు ఊదు, ఆపొద్దు!" అని అరుస్తోంది. పరాయి మగవాడి ముందు నోరు తెరిచి ఊదాలంటే సిగ్గు. అందరూ కొంగు అడ్డం పెట్టుకుని, కొంగు చాటున ఊదారు. అందరికీ లెక్క తక్కువే వచ్చింది. కుప్పమ్మకు తక్కువ, మిగతావాళ్ళకు తక్కువ, మునిలక్ష్మికి మరీ తక్కువ.

అరుణ్ కుమార్ విసుగ్గా ఏదో ఇంగ్లీషులో అన్నాడు. భాష తెలియకపోయినా ఆ విసుగు ఎవరికైనా తెలుస్తుంది. వీళ్ళకు ఊదడం కూడా రాదు, మనసుపెట్టి ఊదడం లేదు అని దాని అర్థం. తర్వాత శ్రీరాములు వైపు తిరిగి తెలుగులో, "ఈ లెక్క నిజమే అయితే ఈమె ఈ ఆవిర్లో ఉండకూడదు. పెద్దాసుపత్రిలో మళ్ళీ చూపించాలి," అన్నాడు మునిలక్ష్మిని చూపించి.

శ్రీరాములు చెడ్డవాడు కాదు. భయస్తుడు. భయస్తులు చాలాసార్లు చెడ్డవాళ్ళకంటే ఎక్కువ నష్టం చేస్తారు. డాక్టరు చెప్పిన దాంట్లో 'నిజమే అయితే' అన్నది అతని చెవిలో పడలేదు, 'ఉండకూడదు' అన్నది మాత్రం పడింది. జీపు పోయాక మునిలక్ష్మిని పిలిచాడు.

"ఏమనుకోవద్దమ్మా. రేపు నువ్వు బేసిన్ మీద పడిపోతే నా మీదికి వస్తాది. ఈ వారం సేసుకో. వచ్చే వారం నుంచి ఇంటికాడ ఉండు."

"నాకేమీ లేదన్నా. బాగుండాను గదా."

"మిషను సెప్తాంది గదమ్మా, నేనా సెప్తాండేది?"

మునిలక్ష్మి తిరిగి బేసిన్ దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆ పూట ఆమె దారం రెండుసార్లు తెగింది.

ఇంట్లో మొగుడు బాలప్పకు ఆ సంగతి వెంటనే చెప్పలేదు. అతను తెల్లవారే రైలెక్కి బెంగుళూరులో కట్టడాల పనికి పోతాడు, దీపాలు పెట్టాక ఎప్పటికో దిగుతాడు. పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు రైలు ఖర్చు దండగ. ఇంట్లో నిలకడగా ఉండే పని మునిలక్ష్మిదే. ఆ పని పోతే కూతురు వెన్నెలను ఇంగ్లీషు బడి మాన్పించాలి. ఈ సంగతి మొగుడూ పెళ్ళాలు ఎప్పుడూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోకుండానే ఇద్దరికీ తెలుసు.

భయం ఉంది. దాని పక్కనే, చెప్పుకుంటే నవ్వుతారుగానీ, ఇంకొకటి కూడా ఉంది. ఊపిరి అంటే ఏమిటి? ఇన్నేళ్ళు పీలుస్తూ వదులుతూ ఉంది, ఒక్కసారి కూడా దాని వైపు చూడలేదు. ఇప్పుడు ఎటు చూసినా అదే. రాత్రి పక్కలో నిద్రపోతున్న వెన్నెల పొట్ట మెల్లగా లేస్తుంది, దిగుతుంది. దిగిన తర్వాత కాస్త ఆగుతుంది. ఎందుకు ఆగుతుంది? పాకలో ఆవు డొక్కలు కూడా అంతే. కుప్పం బస్సులో కండక్టరు ఊళ్ళ పేర్లన్నీ ఒక్క ఊపున అరిచి, ఆఖరి ఊరు పేరు దగ్గర గాలి చాలక గొంతు సన్నం చేసుకుంటాడు. పీల్చడం మనం చేసే పనేనా, దానంతట అదే జరిగేదా? చూద్దామని తను పీల్చడం ఆపితే కాసేపటికి లోపలినుంచి ఎవరో తన్నినట్టు అయింది. ఊదడం మొదలుపెట్టి, ఇంక లేదు అనుకున్నాక కూడా ఇంకాస్త వచ్చింది. మరి పూర్తిగా ఎప్పుడు అయిపోతుంది? అంత తక్కువ గాలి ఉన్నదాన్నయితే ఇంతకాలం ఎట్లా బతికాను? మిషనుతో తగువు పెట్టుకోవాలనిపించింది ఆమెకు.

అవతల సుష్మకు ఇంకో దురద పట్టుకుంది. సర్వేవాళ్ళు పుంగనూరు వైపు షెడ్లకు పోయారు. అక్కడా అదే వరస. మగవాళ్ళకు లెక్క సరిపోతోంది, ఆడవాళ్ళకు పడిపోతోంది. అరుణ్ కుమార్ ఆడవాళ్ళ కాగితాలన్నీ పక్కన పెట్టేద్దామన్నాడు. సుష్మ ఒప్పుకోలేకపోయింది. బీడీలు కాల్చే గంగులయ్యకు బాగుండి, కేకవేస్తే గుడుపల్లె దాకా వినబడే కుప్పమ్మకు బాగుండకపోవడమేమిటి? ఒక రోజు సెలవు అడిగి, బస్సెక్కి, ఒంటరిగా మళ్ళీ షెడ్డుకు వచ్చింది.

వచ్చేసరికి అన్నాల వేళ. అందరూ వెనకవైపు బొప్పాయి చెట్టు నీడలో గిన్నెలు విప్పుకుని కూర్చున్నారు. సుష్మ కూడా చతికిలబడింది. కుప్పమ్మ సంగటి ముద్దలో సగం తుంచి ఆమె ముందు పెట్టింది.

"మీ మిషను మా మునిలక్ష్మి పని పోగొట్టింది పాపా. తెలుసునా?"

సుష్మకు తెలియదు. విన్నాక ఆమె చేతిలో సంగటి అట్లే ఉండిపోయింది. "పనిలోంచి తీసేయమని ఎవరు చెప్పినారు? మళ్ళీ చూపించమని గదా సారు చెప్పింది!"

"మీరు సెప్పేదొకటి, ఆయప్పకు వినపడేదొకటి," అంది కుప్పమ్మ.

మునిలక్ష్మి తగువాడుతుందని అందరూ ఎదురు చూశారు. ఆమె మాత్రం చేతులు కడుక్కుని సుష్మ పక్కన కూర్చుని అడిగింది. "అమ్మా, అంతా ఊదేసినాక లోపల ఏముంటాది?"

ఈ ప్రశ్నకు సుష్మ ముఖం వెలిగిపోయింది. చదువుకునే పిల్లలకు అడిగేవాళ్ళు దొరికితే పండగే. మూలనున్న, లోపలిది కనబడే ఐదు లీటర్ల ఖాళీ నూనె క్యాను తెప్పించింది. లీటరు సీసాతో నీళ్ళు పోస్తూ, పోసినప్పుడల్లా క్యాను మీద బొగ్గుతో గీత గీసింది. నిండిన క్యానును అరచేత్తో మూసి, నీళ్ళ తొట్టిలో తలకిందులుగా నిలబెట్టింది. రబ్బరు గొట్టం ఒక కొస క్యాను మూతి కిందికి తోసింది. రెండో కొస తన నోట్లో పెట్టుకుని మామూలుగా వదిలే ఊపిరిని అందులోకి వదిలింది. బుడబుడమని బుడగలు పైకి పోయాయి, క్యానులో నీళ్ళు కొద్దిగా కిందికి జారాయి.

"ఇంతే. మనం రోజంతా ఊరికే కూచున్నప్పుడు పీల్చి వదిలేది అర లీటరే."

"అర లీటరేనా!" అని ఒకావిడ మోసపోయినదానిలా అంది.

"ఇప్పుడు చూడండి." సుష్మ నిండా పీల్చి, ముఖం ఎర్రబడేదాకా ఊదింది. నీళ్ళు సగానికి పైగా దిగాయి. "ఇదంతా మన దగ్గర ఉండేదే. బరువెత్తినప్పుడు, పరుగెత్తినప్పుడు వాడుకునేదానికి దాచిపెట్టింది. ఇంత ఊదినా లోపల ఇంకా లీటరుకు పైగా ఉంటాది. అది మాత్రం ఏం చేసినా బయటికి రాదు."

"యాల రాదు?" మునిలక్ష్మి అడిగింది.

"రాకూడదక్కా. అదీ వచ్చేస్తే ఊపిరితిత్తి తడి ప్లాస్టిక్ కవరు మాదిరి అతుక్కుపోతాది. మళ్ళీ తెరుచుకునేదానికి ప్రాణం పోతాది."

"అయితే నేను పుట్టినప్పుడు పీల్చిన గాలి ఇంకా ఆడనే ఉండాదా?"

అందరూ నవ్వారు. సుష్మ నవ్వలేదు. "లేదక్కా. కొత్తది వచ్చి కలుస్తాంటాది, పాతది కొంచెం కొంచెంగా పోతాంటాది."

"బేసిన్ నీళ్ళ మాదిరి," అంది మునిలక్ష్మి. "అన్నీ పారబోయము. కొంత ఉంచుకుని కొత్తవి పోస్తాం."

"అంతే."

మునిలక్ష్మి తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. ఏ క్షణమూ ఖాళీ కాని తొట్టి ఒకటి అక్కడ ఉందని ఇంతకాలం ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఎందుకో చాలా సంతోషమైంది. పని పోతోందన్న సంగతి ఆ కాసేపు గుర్తు లేదు.

"ఇప్పుడు మీరు ఊదండి," అని సుష్మ క్యానును మళ్ళీ నింపి నిలబెట్టి గొట్టం చాపింది.

ఎవరూ చెయ్యి చాపలేదు. నువ్వు ఊదంటే నువ్వు ఊదని ఒకరినొకరు తోసుకున్నారు. ఆఖరికి కుప్పమ్మ లేచి, బొప్పాయి చెట్టు ఆకుల్ని కాడలతో సహా విరిచింది. ఆకులు తుంచేస్తే పొడుగాటి బోలు కాడలు మిగిలాయి. తలా ఒకటి ఇచ్చింది. రబ్బరు గొట్టం కొసన తన కాడ దూర్చి, పెదాలు బిగించి ఊదింది. క్యానులో నీళ్ళు దడదడమని సగం దాటి పోయాయి. కాడ పీకి అవతల పారేసింది. క్యాను మళ్ళీ నింపాక తర్వాతి ఆమె తన కాడ దూర్చుకుంది.

సుష్మ లేచి నిలబడింది. క్యాను మీది గీతల్ని చూసింది. మొన్న మిషను చూపించింది దీనిలో సగం కూడా లేదు.

"అక్కా, మొన్న మిషను కాడ ఎట్ల ఊదినావు? అట్లనే చూపించు."

మునిలక్ష్మి సిగ్గుపడుతూ కొంగు అడ్డం పెట్టుకుంది. సుష్మ కొంగు పక్కకు తీసి చూసింది. గొట్టానికీ పెదాలకూ మధ్య వేలెడు సందు ఉంది.

"మూతి ఆనించలేదా?"

"ఎట్ల ఆనించేది? గంగులయ్య నోట్లో పెట్టుకున్నది గదమ్మా. ఎంగిలి." ఇంత చిన్న సంగతి చదువుకున్న పిల్లకు చెప్పాల్సి వచ్చినందుకు ఆమె గొంతులో కాస్త నొప్పి కూడా ఉంది. "వద్దంటే మీరు బాధపడతారని, దూరం నుంచే ఊదినాం."

"అందరూనా?"

"అందరమూ," అంది కుప్పమ్మ. "గంగులయ్యకేం, రోడ్డు మీద పోయేవాని బీడీ అయినా అడుక్కుని పీలుస్తాడు."

సుష్మ నెత్తి కొట్టుకుంది. మదనపల్లెలో వాళ్ళమ్మ కమలాక్షి ఈనాటికీ చెంబు పైకెత్తి గొంతులో పోసుకుంటుంది తప్ప అంచుకు పెదవి తగలనివ్వదు. హాస్టల్లో సీసాకు మూతిపెట్టి తాగడం నేర్చుకున్నాక, ఇంటికి పోయినప్పుడల్లా తనకు తిట్లు పడుతూనే ఉన్నాయి. అంత తెలిసీ తట్టలేదు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే మునిలక్ష్మి ముఖం చూసి సిగ్గేసింది.

ఆఖర్న మునిలక్ష్మి ఊదింది. మిగతావాళ్ళు ఒక్క విసురున ఊదేశారు, ఆమె నిదానంగా ఊదింది. ఊదుతూనే ఉంది. బుడగలు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా లేచాయి.

"అయిపోయిందా మే, ఇంగా ఉండాదా? సాయంత్రం బస్సు పోతాది పాపకు," అంది కుప్పమ్మ.

బుడగలు ఆగేసరికి నీళ్ళు దాదాపు అందరి గీత దగ్గరికే దిగాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మునిలక్ష్మి చెమట తుడుచుకుంటూ ఆ గీతను వేలితో తాకి చూసింది.

"శ్రీరాములన్నకు సెప్తావా అమ్మా? నాది కూడా అందరి మాదిరే ఉండాదని?"

"క్యాను చూపిస్తే ఆయన నమ్మడక్కా. సార్‌ను తీసుకొస్తా. మిషనుతోనే చెప్పిస్తా," అంది సుష్మ. ఆ మాట అనేటప్పుడు ఆమెకు ఏ అనుమానమూ లేదు.

అరుణ్ కుమార్‌కు సుష్మ విషయమంతా చెప్పింది. ఆయన పక్కన పెట్టిన పుంగనూరు కాగితాల కట్టను ముందుకు లాక్కుని, "అయితే ఇవన్నీ మళ్ళీ చెయ్యాలి," అన్నాడు. అంతకుమించి సాకులు వెతుక్కోలేదు. దారి తప్పిన అట్టమూతుల డబ్బా దొరికింది. వారం ముగిసే లోపే జీపు మళ్ళీ షెడ్డు ముందు ఆగింది.

ఈసారి ఎవరి మూతి వాళ్ళకు కవరు చించి చేతికిచ్చారు. డాక్టరు తనంతట తానే అటు తిరిగి నిలబడ్డాడు. పెదాలు బిగించండని సుష్మ చెప్పాల్సిన పనే లేకపోయింది. మిషను తెర మీద గీత నిటారుగా లేచి, పైన చదునుగా సాగుతోంది. ఒక్కొక్కరి గీతా ఒక్కొక్క గోడలా లేస్తోంది. కుప్పమ్మ ఊదినప్పుడు అరుణ్ కుమార్ కూడా వెనక్కి తిరిగాడు.

"ఈమె వయసెంత? ఈ వయసుకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది!"

"నీ దగ్గర వాడకుండా దాచిపెట్టుకున్నదే శానా ఉండాదక్కా," అంది సుష్మ నవ్వుతూ.

కుప్పమ్మ గంగులయ్య వైపు చూసి భుజం ఎగరేసింది. "వింటివా?"

మునిలక్ష్మి వంతు వచ్చింది. ఆమెకు భయం లేదు. క్యాను మీద గీత తాకి చూసిన వేలు ఇది. నిండా పీల్చింది, పెదాలు బిగించింది.

"ఊదక్కా! గట్టిగా, ఒక్కసారిగా! ఊదు ఊదు ఊదు!"

తెర మీద గీత లేవలేదు. ఏటవాలు దిబ్బలా మెల్లగా ఎక్కింది. సుష్మ అరుపు మధ్యలో సన్నగిల్లింది. మళ్ళీ ఊదమన్నారు. మళ్ళీ అదే దిబ్బ. కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మూడోసారి ఊదించారు. మూడోసారి ఊదుతుండగానే ఆమెకు సుష్మ ముఖం చూసి తెలిసిపోయింది.

"అందరిది పెరిగె గదా. నాది పెరగలేదా?"

"పెరిగిందక్కా," అని సుష్మ ఆగింది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు చేతకాదు. "సాలినంత పెరగలేదు."

"మరి క్యానులో?"

"క్యానులో నువ్వు నిదానంగా ఊదినావు. టైమిస్తే నీకు గాలి బయటికి వస్తాది. తొందరగా రమ్మంటే రాదు. లోపల గొట్టాలు వాసి సన్నబడిపోయినాయి. గాలి లోపలికి పోతాది, బయటికి వచ్చేదే కష్టం. అందుకని మిగిలిపోయేది ఎక్కువ. ఈ మిషను దాన్ని కొలవలేదు గానీ, గీతను చూస్తే అట్లనే ఉండాది."

మునిలక్ష్మి ఆలోచించింది. ఆ పరిస్థితిలో కూడా ఆలోచించింది. "అంటే నాకు గాలి తక్కువ గాదు. వీళ్ళందరికంటే నా లోపలే ఎక్కువ ఉండాది."

"ఎక్కువే. వాడుకునేదానికి రాదు."

"బిందెతో నీళ్ళ ట్యాంకు కాడి మెట్లు ఎక్కేటప్పుడు సగంలో నిలబడతాను," అంది మునిలక్ష్మి మెల్లగా. "చెప్పు సరి చేసుకుంటాండానని అందరూ అనుకుంటారు. నేనూ అట్లనే అనుకునేదాన్ని."

అరుణ్ కుమార్ ఈసారి నిదానంగా, ఒక్కొక్క మాటా శ్రీరాములుకు దిగేదాకా చెప్పాడు. పీల్చే మందు ఇస్తాము, వాడితే చాలావరకు మేలవుతుంది. పని చెయ్యవచ్చు. ఈ పొగ, ఈ ఆవిరి మాత్రం పనికిరావు. దూరంగా ఉండే పని ఇవ్వండి.

"దూరంగా అంటే యాడ సార్? ఉండేదే ఒక పొడిగది. ఆడ కుప్పమ్మ ఉండాది. ఇంగో మనిషికి ఆడ పని లేదు," అన్నాడు శ్రీరాములు. అతను చెప్పింది నిజమే. ఆ నిజం అతనికి చాలా అనుకూలంగా కూడా ఉంది.

జీపు దగ్గర సుష్మ మునిలక్ష్మి చెయ్యి పట్టుకుంది. మందు ఎలా పీల్చాలో అప్పటికే చాలాసార్లు చూపించింది, మళ్ళీ చూపించింది. "నిన్ను గెలిపిద్దామని వచ్చినానక్కా," అంటుంటే ఆమె కళ్ళు నిండాయి.

"ఏడవద్దమ్మా. తెలుసుకోవాలని అడిగింది నేనే గదా."

అలా అంది గానీ, జీపు పోయాక మునిలక్ష్మికి కోపం వచ్చింది. ఎవరి మీద? మొన్న తప్పు లెక్కతో పని పోయేది, ఇప్పుడు సరైన లెక్కతో పోతోంది. రెండిట్లోనూ పోయేది తన పనే. ఆ సాయంత్రం రైలు దిగి వచ్చిన బాలప్పకు అంతా చెప్పింది. అతను వెన్నెల పుస్తకాల సంచి వైపు ఒకసారి చూసి, "సూద్దాంలే," అన్నాడు.

వారం ఇంకా ముగియలేదు గానీ, మర్నాడు పొద్దున మునిలక్ష్మి షెడ్డుకు పోయింది పనికి కాదు. గోడకు తగిలించిన తువ్వాలు, అన్నం గిన్నె, నీళ్ళలో నానే వేళ్ళకు రాసుకునే ఆముదం సీసా తెచ్చుకుందామని పోయింది. గుమ్మంలో ఆగిపోయింది. తన బేసిన్ ముందు కుప్పమ్మ కూర్చుని ఉంది.

కూర్చోవడమంటే అదొక కూర్చోవడం కాదు. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, నీళ్ళను బండబూతులు తిడుతోంది. పొడిగదిలో ఇన్నేళ్ళు ఉండి వేళ్ళు మెత్తబడ్డాయి, వేడి తగిలినప్పుడల్లా చెయ్యి విదిలించుకుంటోంది. దారం తెగుతోంది, అతుకుతోంది, మళ్ళీ తెగుతోంది. పక్క బేసిన్లవాళ్ళు తలలు వంచుకుని తమ పని చేసుకుంటున్నారు, ఎవరూ నవ్వడం లేదు.

"ఏం సేస్తాండావు అక్కా?"

"కనపడలేదా? పో మే, ఆ చట్రాలకాడికి పో. నిన్నటి దారమంతా అట్లనే పడుండాది."

"వద్దక్కా. ఆ గది నీది."

"నాదే. నాదైతేనే గదా నీకిచ్చేది." కుప్పమ్మ కుంచెతో గూళ్ళను కొట్టింది, నీళ్ళు చింది ఆమె ముఖాన పడ్డాయి. తుడుచుకోలేదు. "ఆ పాప సెప్పలా, నా దాంట్లో వాడకుండా దాచిపెట్టింది శానా ఉండాదని? ఎప్పుడు వాడేది దాన్ని, పాడె ఎక్కినాకనా?"

"ఈ ఆవిర్లో ఉంటే నీది కూడా నా మాదిరే అయిపోతాది."

"అయితే అప్పుడు సూద్దాం. నిలబడి మాట్లాడినావంటే ఈ నీళ్ళు నీ మీద పోస్తా."

మునిలక్ష్మి పోలేదు. వంగి కుప్పమ్మ మణికట్టు పట్టుకుంది. పక్కనున్న చన్నీళ్ళ గిన్నెలో ఆ వేళ్ళు ముంచింది, తర్వాత వేడినీళ్ళలో పెట్టించింది. మళ్ళీ చన్నీళ్ళు, మళ్ళీ వేడి. రంధ్రం దగ్గర దారం సన్నబడుతున్న చోట కుప్పమ్మ చూపుడువేలిని తీసుకెళ్ళి ఆనించింది. "ఈడ తెలస్తాది. కంటితో సూడొద్దు." కుప్పమ్మ ఊఁ కొట్టింది. కొత్త గూటి కొస తగిలించింది. దారం తెగలేదు.

అప్పుడు మునిలక్ష్మి పొడిగదిలోకి పోయింది. గుమ్మం బయట చెప్పులు విడుస్తుంటే మనసు ఒప్పలేదు, చేత్తో తీసి దూరంగా పెట్టి వచ్చింది. కిటికీలోంచి గాలి వస్తోంది. పీల్చింది. గాలి ఇంత తేలిగ్గా కూడా ఉంటుందా అనిపించి, ఆ తేలిక తనకు ఎక్కడినుంచి వచ్చిందో తలచుకుని, సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చట్రానికి దారం కట్టింది.

కాసేపటికి శ్రీరాములు వచ్చినట్టు చెప్పుల చప్పుడైంది. బేసిన్ల ముందు ఆ చప్పుడు ఆగింది.

"ఏంది కుప్పమ్మా, నువ్వీడ? మునిలక్ష్మి యాడ?"

కుప్పమ్మ కుంచెతో గూళ్ళను తట్టింది. అన్ని రాట్నాలూ తిరుగుతూనే ఉన్నాయి.

"మునిలక్ష్మి యాడ అని అడిగితే?"

"ఈడ ఉండాను అన్నా," అని పొడిగదిలోంచి మునిలక్ష్మి పలికింది. అంత గట్టిగా ఆమె ఆ షెడ్డులో ఎప్పుడూ మాట్లాడి ఉండదు. "పని సేస్తాండాను."

శ్రీరాములు గుమ్మం దాకా వచ్చి తొంగిచూశాడు. వెనక్కి తిరిగి కుప్పమ్మను చూశాడు. ఎక్కడా పని ఆగలేదు. "దారం తెగకుండా సూసుకోండి," అని రోడ్డు వైపు పోయాడు.

అతను పోయాక గోడవతల గంగులయ్య పొయ్యిలోకి పచ్చిమొద్దు తోసినట్టున్నాడు, షెడ్డులోకి పొగ కమ్మింది. ఆ పొగలోంచి కుప్పమ్మ దగ్గు వినబడింది. మునిలక్ష్మి చెయ్యి చట్రం మీద ఆగిపోయింది. దగ్గు మళ్ళీ వచ్చింది, సాగింది. అది ఆగేదాకా చట్రం తిప్పకుండా చెవి పెట్టుకుని కూర్చుంది. ఆగాక తిప్పింది.